సగం తడి మైదానం

కోచింగ్ సర్టిఫికెట్లు కొత్తగా చేతికొచ్చిన కుర్రాళ్ళు ఈ మధ్య నాకు ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, పనికొచ్చే ఆటగాణ్ణి చూడగానే ఎలా గుర్తుపడతారు?" చూడగానే తేల్చేసేది పెళ్ళిచూపుల్లోనయ్యా, హాకీలో కాదు అని ఫోన్ పెట్టేస్తుంటే మా ఆవిడ విని ఊరుకోలేదు. "ఆ కసురుకునే ఓపికతో తెలిసిందేదో రాసి పెట్టొచ్చుగా" అంది. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు, గ్రూపు ఫొటోలు ఇందులో ఉండవు. ఆ ఫొటోలన్నిటిలోనూ ఎలాగూ నేను కళ్ళు మూసుకునే ఉంటాను.

నేను చేసిన పని

నేను గోల్‌కీపర్ని. సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగం చేసుకుంటూ మోకాళ్ళు మొండికేసేదాకా ఆడాను. తర్వాత మస్కట్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ తన హాకీ జట్టుకు కోచ్ కావాలంటే ఒమాన్ వెళ్ళాను. రెండేళ్ళలో తిరిగొస్తానని ఇంట్లో చెప్పి ఇరవై రెండేళ్ళు ఉండిపోయాను.

కంపెనీకి రెండు జట్లుండేవి. పైజట్టు పెద్ద లీగులో ఆడేది, పేపర్లో ఫొటో పడేది. రెండో జట్టు చిన్న లీగులో, మాలాంటి కంపెనీ జట్లతోనే ఆడేది. నాకు అప్పగించింది ఆ రెండో జట్టు. అసలు పని ఆడించడం కాదు, చూడడం. సీజన్ చివర ఒక్కొక్క కుర్రాడి మీద ఒక రిపోర్టు రాయాలి. పైజట్టుకు పంపాలా, ఇక్కడే ఇంకో ఏడాది ఉంచాలా, వద్దని చెప్పాలా. పైజట్టుకు వెళ్ళినవాడికి కంపెనీలో ఉద్యోగం, దాంతోపాటు వీసా. అంటే నేను రాసే ఒక్క కాగితం మీద ఒక మనిషి ఏ దేశంలో నిద్రలేస్తాడో ఆధారపడి ఉండేది. మొదటి ఏడాది ఈ సంగతి తలుచుకుంటే అన్నం సయించేది కాదు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోవడమే ప్రమాదమని చాలా ఆలస్యంగా తెలిసింది.

గోల్‌కీపరుగా ఆడినందుకు ఈ పనిలో నాకొక లాభం ఉండేది. ఆటంతా మా మొహం మీదికే వస్తుంది కాబట్టి బంతి కంటే ముందు మనిషిని చూడడం మాకు వస్తుంది. ప్రాక్టీసులో నేను గోలు వెనక వల పట్టుకుని నిలబడేవాణ్ణి. చేతిలో ఒక నోటుబుక్కు. ఎవడు ఏం చేశాడో కాదు, బంతి పోగొట్టుకున్న మరుక్షణం ఏం చేశాడో రాసుకునేవాణ్ణి. బంతి స్టిక్కు దగ్గర ఉన్నప్పుడు అందరూ బాగానే ఉంటారు. పోయినప్పుడు ఒకడు ఆకాశం చూస్తాడు, ఒకడు అంపైర్ని చూస్తాడు, ఒకడు వెంటపడతాడు. ఆ మూడోవాడి కోసం వెతకండి.

గోల్సు చూసి మోసపోవడం

వెళ్ళిన మూడో ఏడాది మా జట్టులో గోవా వైపు కుర్రాడొకడు ఉండేవాడు. గోలు ముందు బంతి దొరికితే చాలు, లోపలే. లీగులో అందరికంటే ఎక్కువ గోల్సు వాడివి. నేను మురిసిపోయి రెండు పేజీల రిపోర్టు రాసి పైజట్టుకు పంపాను. పైన వాడు సీజనంతా ఒక్క గోలు వేయలేక మరుసటి ఏడాది ఇంటికెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు వచ్చి నా చేయి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తర్వాత నోటుబుక్కు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. వాడి గోల్సులో సగానికి పైన సరిహద్దు ఊరు బురైమిలో వేసినవి. అక్కడి గ్రౌండు ఇరుకు, ఎక్కణ్ణుంచి కొట్టినా గోలు దగ్గరే. పైగా మేం ముందురోజే వెళ్ళి దిగేవాళ్ళం, అవతలి జట్లు మధ్యాహ్నపు ఎండలో గంటల తరబడి బస్సులో వచ్చి దిగగానే ఆడేవి. నేను చూసింది వాడి ఆటను కాదు, బురైమి గ్రౌండును. అప్పట్నుంచి ప్రతి రిపోర్టులో మొదటి గడి గీసి "ఏ నేల?" అని రాసుకునేవాణ్ణి. ఈ పాఠం నాకు వచ్చేసిందనుకున్నాను. పదిహేనేళ్ళ తర్వాత అదే పరీక్షలో మళ్ళీ తప్పాను, అది చెప్పడానికే ఇదంతా.

అబూ సాలిం పెట్టిన నియమం

మా స్పోర్ట్స్ మేనేజర్ ఒమానీ. అందరూ ఆయన్ని అబూ సాలిం అనేవారు. నాతో హిందీలో మాట్లాడేవాడు, కోపమొస్తే అరబ్బీలోకి వెళ్ళిపోయేవాడు. అక్కడి అలవాటు ప్రకారం కోచ్‌నైన నన్ను "కాప్టన్" అని పిలిచేవాడు. ఆటగురించి ఆయనకు నాకంటే తక్కువ తెలుసు, మనుషుల గురించి చాలా ఎక్కువ తెలుసు.

నా మొదటి రిపోర్టు చదివి ఆయన అడిగాడు. "కాప్టన్, ఇది ఆ కుర్రాడికి చదివి వినిపించావా?"

"లేదు, ఇది ఆఫీసు కాగితం కదా."

"వాడి మొహం మీద చదవలేని మాట వాడి గురించి రాయకు. ముందు వాడికి చదువు, తర్వాత నాకివ్వు. ఖలాస్."

ఇంతకంటే మంచి నియమం నాకు ఏ కోచింగ్ క్యాంపులోనూ ఎవరూ చెప్పలేదు. ఎదురుగా కూర్చోబెట్టి చదివితే సగం రాతలు నాకే అబద్ధాలుగా వినిపించేవి. కొట్టేసి మళ్ళీ రాసేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఈ నియమాన్ని ఒకేఒక్కసారి తప్పాను. ఎవరి విషయంలోనో ఇప్పుడు చెబుతాను.

ఇలియాస్

మస్కట్ శివారు అల్ హైల్‌లో వర్క్‌షాపుల వెనక గులకరాళ్ళ గ్రౌండు ఒకటుంది. సాయంత్రమైతే మెకానిక్కులు, డ్రైవర్లు, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు స్టిక్కులు పట్టుకుని దిగుతారు. ఇలియాస్ అక్కడ నేర్చుకున్నాడు. వాళ్ళ నాన్న మహబూబ్ బాషా గారిది కడప. అల్ హైల్‌లోనే దర్జీ దుకాణం, ఒమానీలు వేసుకునే పొడుగు దిష్‌దాషాలు కుడతాడు. ఇలియాస్‌కు చదువు అయిపోయింది. వయసు దాటుతోంది కాబట్టి తండ్రి వీసా మీద ఇంక ఎన్నో నెలలు ఉండడానికి లేదు. మా పైజట్టులో ఖాళీ అయిన ఒక్క చోటు దొరికితే ఉద్యోగంతో ఉండిపోతాడు, లేదంటే తను సెలవులకు తప్ప ఎరగని కడపకు వెళ్ళిపోవాలి.

వాడు రెండో జట్టులోకి వచ్చిన మొదటి వారమే ఒకటి గమనించాను. బంతి వాడి దగ్గరికి వచ్చినప్పుడు స్టిక్కు కాస్త ఎత్తులో ఆగేది. అర క్షణం చూసి కిందికి దించేవాడు. ఈలోగా బంతి స్టిక్కు కింద నుంచి జారిపోయేది. మూడో వారం నోటుబుక్కులో రాసుకున్నాను: "చేతులు ఆలస్యం." కాళ్ళు బలహీనమైతే బాగుచేయొచ్చు, ఊపిరి చాలకపోతే పెంచొచ్చు. చేతులు ఆలస్యమైతే చేసేదేం లేదని నా నమ్మకం.

ఆ తర్వాత నేను వాణ్ణి సరిగ్గా చూడలేదు. చూశాననే అనుకున్నాను. నిజానికి నేను రాసిన రెండు మాటలు ఎక్కడ నిజమవుతాయా అని మాత్రమే చూశాను. వాడు జారవిడిచిన ప్రతి బంతికీ ఒక టిక్కు పెట్టాను. పట్టిన వాటికి పెట్టలేదు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది, సిగ్గు వదిలి చెబుతున్నాను. జట్టులో మిగిలినవాళ్ళు గోవా, పంజాబ్, పాకిస్తాన్, ఒమానీ కుర్రాళ్ళు. తెలుగు మాట్లాడేవాడు వీడొక్కడే. "కాప్టన్ తన భాషవాణ్ణి ఎక్కించాడు" అని ఎవరైనా అంటారేమోనని నాకు భయం. మిగతావాళ్ళకు పది చెబితే వీడికి రెండు చెప్పేవాణ్ణి. మిగతావాళ్ళ భుజం తట్టినంత సులువుగా వీడి భుజం తట్టలేదు. దూరంగా ఉంచడమే న్యాయం అనుకున్నాను.

సీజన్ చివరికొచ్చింది. పాంటు పొడుగు తగ్గించుకోవడానికి బాషా గారి దుకాణానికి వెళ్ళాను. ఆయన టేపు మెడలో వేసుకుని నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"సార్, మావోడు ఎట్లా ఆడతాండాడు?"

"ఆడుతున్నాడు బాషా గారూ."

"అది కాదు సార్. నేను అంగడి వదిలిపెట్టి ఒక్కరోజన్నా మావోని ఆట చూసిండేది లేదు. ఈద్ మర్నాడు కూడా మూయను నేను. మీరే చెప్పాల. వాడుంటాడా, పోతాడా? పోయేదుంటే ముందే టికెట్ తీస్తే నాలుగు రియాళ్ళు కలిసొస్తాది. తీసేదా, వద్దా?"

"ఇంకా తేలలేదు" అన్నాను. అప్పటికి నా బ్యాగులో "వద్దు" అని రాసిన రిపోర్టు ఉంది. ఇలియాస్‌ను కూర్చోబెట్టి చదివి వినిపించాలి. మొహమాటం అడ్డొచ్చింది. ఆ రాత్రి వాడు వాళ్ళ నాన్నకు ఏమని చెబుతాడో తలుచుకుని నోరు రాలేదు. మరునాడు పొద్దున వాడికి చదవకుండానే రిపోర్టు అబూ సాలిం టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

లింగయ్య చూపించినది

మా టర్ఫు గ్రౌండుకు, అంటే ప్లాస్టిక్ గడ్డి మైదానానికి, నీళ్ళు పెట్టే మనిషి లింగయ్య. జగిత్యాల దగ్గరి ఊరు. కంపెనీలో సెంట్రింగ్ పనికి వచ్చి, నడుము పట్టేస్తే గ్రౌండు డ్యూటీ వేశారు. ప్రాక్టీసుకు ముందు స్ప్రింక్లర్లు తిప్పి టర్ఫంతా తడపడం ఆయన పని. తడి టర్ఫు మీద బంతి నేలను అంటుకుని జర్రున జారుతుంది. పొడి మీద నెమ్మదిస్తుంది, ఎగురుతుంది. అందుకే కోచ్‌లంతా తడిపాకే వస్తారు. నేనూ అంతే.

రిపోర్టు ఇచ్చిన రోజు సాయంత్రం లింగయ్య నా రూమ్‌కొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"సార్, గా ఇలియాస్‌కు వద్దని రాసిండ్రా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవలు జెప్పాలె? మీ మొకం జూస్తె ఎర్కైతది. రేపు ఒక గంట ముందుగాల రాండ్రి. నేను నీళ్ళు ఇడువక ముందు."

ఎందుకని అడిగితే చెప్పలేదు. మరునాడు వెళ్ళాను. ఎండకు కళ్ళు తెరవలేకపోతున్నాను. పొడి టర్ఫు మీద ఇలియాస్ ఒక్కడే ఉన్నాడు. లింగయ్య ఒక పాత స్టిక్కుతో బంతులు వాడిమీదికి బాదుతున్నాడు. బంతి ఎగిరితే మోకాలి దగ్గర పట్టాడు, పక్కకు తిరిగితే మణికట్టు తిప్పి పట్టాడు. యాభై బంతులుంటాయి. ఒక్కటీ వదల్లేదు. గోలు వెనక నీడలో నిలబడి చూశాను.

లింగయ్య చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "సూసిండ్రా? ఆని చేతులు ఆలస్యం గాదు సార్. రాళ్ళ మీద నేర్సిండు. బాల్ ఎగురుతదేమోనని జర ఆగి సూస్తడు. తడి మీద అది ఎగరదాయె, కిందికెల్లి ఉరుకుతది. మీరు రోజూ తడి మీదనే సూస్తిరి."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు కోచ్‌లు, నేను నీళ్ళు వెట్టెటోణ్ణి. ఒక్క మాట చెప్తా, ఏమనుకోకుండ్రి. మనోడని ఎక్కువ సూసిండ్రంటరేమోనని మీరు భయపడ్డరు. గా భయానికి మనోణ్ణి సూసుడే బంజేసిండ్రు."

కోపం రాలేదు, సిగ్గేసింది. "ఏ నేల?" అని ప్రతి రిపోర్టులో మొదటి గడి గీసే మనిషిని. ఇలియాస్ రిపోర్టులో ఆ గడిలో ఏం రాశానో అప్పుడు గుర్తొచ్చింది. ఖాళీగా వదిలేశాను.

సంతకం వెనక్కి తీసుకోవడం

నేరుగా అబూ సాలిం దగ్గరికి వెళ్ళి నా రిపోర్టు నాకిచ్చేయమన్నాను.

"ఇన్నేళ్ళలో ఒక్క రిపోర్టూ వెనక్కి అడగలేదు నువ్వు" అన్నాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కటీ ఆటగాడికి చదవకుండా ఇవ్వలేదు. ఇది చదవలేదు."

ఆయన అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. తర్వాత సొరుగులోంచి రిపోర్టు తీసి నా చేతిలో పెట్టాడు. "ఆరు వారాల్లో సలాలాలో టోర్నమెంటు ఉంది. పైజట్టు వెళ్తోంది. ఆ కుర్రాణ్ణి తీసుకురా. అక్కడ నా కళ్ళతో చూస్తాను. నీ మాట చాలదు ఈసారి."

నీ మాట చాలదు అన్నందుకు నొచ్చుకోలేదు. న్యాయమే అన్నాడు.

కొత్త రిపోర్టు ఆ సాయంత్రమే రాశాను. మొదటి వాక్యం: "ఇంతకుముందు ఈ ఆటగాడి గురించి నేను పొరపాటు పడ్డాను." ఆ తర్వాత పొరపాటు ఏమిటో, వాడిలో ఏముందో, ఇంకా ఏం నేర్చుకోవాలో రాశాను. గమనించినవారు అన్నచోట నా పేరు కొట్టేసి లింగయ్య పేరు రాశాను. ఇలియాస్‌ను కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివాను. వాడు తల వంచుకుని విన్నాడు.

"సార్, లేట్ అవుతున్నానని నాకూ తెలుసు. ఎందుకో తెలీక రోజూ ప్రాక్టీసు కంటే గంట ముందే వస్తాండాను" అన్నాడు. "ఈ పేపర్ జిరాక్స్ ఒకటి తీసుకునేదా?"

తీసుకోమన్నాను.

అసలు శిక్షణ ఆలోచన కూడా లింగయ్యదే. మా గ్రౌండుకు అటు మూడు, ఇటు మూడు స్ప్రింక్లర్లు. ఒక పక్క వాల్వు కట్టేసి ఇంకో పక్క మాత్రమే తడిపేవాడు. మధ్య గీతకు ఇటు పొడి, అటు తడి. బంతి పొడి మీద నుంచి వచ్చి గీత దాటగానే పరుగెత్తేది. తడి మీద నుంచి వచ్చింది ఇవతల నెమ్మదించేది. ఇలియాస్‌ను ఆ గీత మీద నిలబెట్టి రెండు వైపుల నుంచీ కొట్టించాను. బంతిని కాదు, కొట్టేవాడి మణికట్టునూ బంతి దాటే నేలనూ చూడమన్నాను. మొదటి వారం రోజూ తిట్టుకున్నాడు. మూడో వారం తిట్లు తగ్గాయి. ఐదో వారానికి కళ్ళతోనే నేలను చదివేస్తున్నాడు. వాడు ఆగడం మానలేదు. ఎప్పుడు ఆగాలో నేర్చుకున్నాడు.

సలాలా

మస్కట్ మండిపోతుంటే దూరాన దక్షిణంలో ఉన్న సలాలాలో వానాకాలం. కొండలన్నీ పచ్చగా, రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండ్లు, రోజంతా ఆగని తుంపర. మన కోస్తాకు వచ్చినట్టుంటుంది. అబూ సాలిం ఎవరికీ చెప్పకుండా లింగయ్యకు కూడా జట్టు బస్సులో సీటు వేయించాడు. కంపెనీ జెర్సీ ఒకటిచ్చారు. అది ఆయనకు మోకాళ్ళదాకా వచ్చింది.

ఫైనల్ అక్కడి జట్టుతో. తుంపరకు టర్ఫు ఎడమవైపు నీళ్ళు పోయే దారి మూసుకుపోయి మడుగు కట్టింది. మిగతా చోట్ల బంతి జారిపోతోంది, మడుగులోకి వెళ్ళగానే ఉన్నచోట ఆగిపోతోంది. చదునైన టర్ఫుకు అలవాటుపడ్డ మా పైజట్టువాళ్ళు బంతి కోసం దూసుకెళ్ళి, అది వెనకే ఆగిపోతే, దాటి ముందుకు పడుతున్నారు. మొదటి సగంలో అవతలివాళ్ళు రెండుసార్లు మా గోలు మీదికి వచ్చారు. అబూ సాలిం గొడుగు కింద నుంచి నావైపు చూశాడు. రెండో సగంలో ఇలియాస్‌ను ఎడమవైపు దించమన్నాను.

వాడు దిగాక ఆ మడుగు మా సొంతమైంది. అవతలివాడు కొట్టగానే అందరూ ఉరుకుతారు, వీడు అర క్షణం ఆగుతాడు. బంతి మడుగులో చప్పున ఆగుతుంది, ఉరికినవాళ్ళు దాటిపోతారు, వీడు తీరిగ్గా వెళ్ళి తీసుకుంటాడు. ఏ అర క్షణానికి నేను "వద్దు" అని రాశానో అదే అర క్షణం. నా పక్కన లింగయ్య ప్రతిసారీ తొడ చరుస్తున్నాడు. "ఆగిండు! సూసిండ్రా సార్, ఆగిండు!"

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా వాళ్ళు పొడుగ్గా ఒక బంతి కొట్టారు. మావాళ్ళిద్దరు దూకి జారిపడ్డారు. వాళ్ళ ఫార్వర్డు కూడా దాటిపోయాడు. బంతి మడుగు మధ్యలో ఆగి ఉంది. దాని పక్కన ఇలియాస్ నిలబడి ఉన్నాడు, వాడి కోసమే పెట్టినట్టు. తీసుకుని రెండడుగులు వేసి కుడివైపు ఖాళీలోకి కొట్టాడు. అక్కడ నేల బాగుంది, బంతి జారుతుందని వాడికి తెలుసు. మా ఫార్వర్డు అందుకున్నాడు, లోపలికి కొట్టాడు. ఒకటి, సున్నా.

విజిల్ పడ్డాక నేను అరిచానట. అరిచింది నాకు గుర్తులేదు. ఇన్నేళ్ళ కోచింగులో ఎప్పుడూ గ్రౌండులోకి పరుగెత్తలేదు, ఆరోజు మోకాళ్ళ మాట మరిచిపోయి ఉరికాను. అందరూ చూస్తుండగా ఇలియాస్‌ను తెలుగులో పిలిచి కౌగిలించుకున్నాను. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

అబూ సాలిం గొడుగు పట్టుకుని వచ్చి నా కొత్త రిపోర్టు తీశాడు. తుంపరకు తడవకుండా గొడుగు కిందే లింగయ్య వీపు మీద పెట్టి సంతకం చేశాడు. "ఖలాస్, కాప్టన్. వాడు మనవాడు" అన్నాడు. లింగయ్య సంతకం అయ్యేదాకా వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

నేను వెంటనే బాషా గారికి ఫోన్ చేశాను. చుట్టూ గోల.

"బాషా గారూ, టికెట్ తీయకండి!"

"తీసేసినా సార్."

"అయ్యో, ఎప్పుడు?"

"నిన్ననే సార్. మావోనికి కాదు, నాకు. సలాలా బస్సుకు. ఒకసారి వెనక్కి తిరగండి."

తిరిగాను. మెట్ల మీద మొదటి వరసలో, నిలువునా తడిసి, మెడలో కొలతల టేపు కూడా తీయకుండా ఆయన నిలబడి ఉన్నాడు. ఈద్ మర్నాడు కూడా మూయని దుకాణానికి తాళం వేసి, పన్నెండు గంటలు బస్సులో కూర్చుని వచ్చాడు. నేను దగ్గరికి వెళ్ళి, ఏం తేలుతుందో నాకే తెలియని ఆటకు ఏ ధైర్యంతో వచ్చారని అడిగాను.

"మీ రిపోర్టు మావోడు ఇంట్లో చదివినాడు సార్. మొదట్లోనే పొరపాటు పడ్డానని రాసినారు. అంత పెద్దాయన అట్లా రాసినాక, నేను అంగడి మూయకపోతే ఎట్లా సార్?" అన్నాడు బాషా గారు, తడిచేత్తో నా చేయి పట్టుకుని.